చుట్టాలు లేని దేశం

పాస్‌పోర్టు వచ్చింది గానీ దేశం రాలేదు.

అంతకు ముందు పాస్‌పోర్టు విచారణకు వచ్చిన కానిస్టేబుల్ అడిగిన మొదటి ప్రశ్నకే నేను తప్పాను. "ఏ దేశం పోతున్నరు టీచరమ్మా?" అన్నాడు. ఇబ్రహీంపట్నం సర్కారు బడిలో ఏళ్ల తరబడి సాంఘికశాస్త్రం చెబుతున్న మనిషిని. గోడకు వేలాడే ప్రపంచ పటం మీద కట్టె ఆనించి, పిల్లల చేత ఖండాలకు ఖండాలు దాటించిన మనిషిని. ఒక్క దేశం పేరు నోటికి రాలేదు. "ఇంకా అనుకోలేదు" అన్నాను. నా మొహం చూసి ఆయనకు జాలేసింది. "దుబాయి పోండ్రి మేడం. మా బామ్మర్ది ఆడ్నే ఉంటడు. దిగంగనే ఫోన్ కొడితె కారేసుకొని వస్తడు" అన్నాడు.

ఆ క్షణంలోనే నా పటంలో నుంచి దుబాయి కొట్టుకుపోయింది.

ఎందుకంటే నాది ఒకటే షరతు. మేము వెళ్లే దేశంలో మా చుట్టం ఉండకూడదు, మాకు చుట్టం కాగలిగినవాడూ ఉండకూడదు. మంచు కొండలుంటాయా, సముద్రం నీలంగా ఉంటుందా అన్నవి తర్వాతి సంగతులు. లోకం చుట్టి రావాలంటే ముందు చుట్టాలు లేని లోకం దొరకాలి.

దీనికి కారణం ఉంది. మాది భూమిని నమ్ముకున్న పెద్ద కుటుంబం. చుట్టం ఉన్న ఊళ్లో లాడ్జిలో దిగడమంటే మావాళ్ల దృష్టిలో ఆ చుట్టానికి బతికుండగానే దినం పెట్టినట్టు. "మేం సచ్చినమా, హోటల్ల దిగిన్రు?" అన్న మాటకు ఇంతవరకు ఎవరూ జవాబు కనిపెట్టలేదు. పెళ్లైన కొత్తలో మేమిద్దరం పూణే వెళ్లి లాడ్జిలో గది తీసుకున్నాం. మా ఆయన పెద్దమ్మ కూతురికి ఎవరు చేరవేశారో తెలియదు, ఆటో వేసుకుని వచ్చింది. ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడకుండా మా సూట్‌కేసు ఎత్తుకుని నడిచింది. బట్టలన్నీ అందులోనే ఉన్నాయి గనుక మేమూ నడిచాం. తీరా ఇంటికి చేరాక ఆమెకు నడుం నొప్పని తెలిసింది. అవతలామె నడుం పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడితే కాళ్లు చాపుకుని కూర్చునే పద్ధతి మా కోడళ్లకు లేదు. కొంగు బిగించాను.

అలా పూణేలో నేను చూసింది వంటింటి కిటికీ, దాని అవతల ఒక నీళ్ల ట్యాంకు. ఢిల్లీలో కిటికీ అవతల ఇంకొకరి వంటిల్లు. కాశీలో కిటికీయే లేదు. మా ఆయన మాత్రం పొద్దంతా ఊరు చూసి వచ్చి, సాయంత్రం నేను చేసిన చపాతీలు తింటూ నాకు కళ్లకు కట్టినట్టు చెప్పేవారు. దీన్ని పర్యటన అనడానికి నాకు నోరు రాదు. పరిచర్య.

అందుకే ఈ వేసవి సెలవుల్లో నేను కోరుకున్నది చాలా చిన్నది. ఎవరో పరిచిన పక్క మీద నిద్ర లేవాలి. ఎవరో చేసిన టిఫిన్ తినాలి. తిన్న ప్లేటు అక్కడే వదిలేసి రావాలి. దీని కోసం సముద్రం దాటాలా అని మీరు అడగొచ్చు. దాటాలి. ఈ గట్టు మీద అది జరిగే పని కాదని రుజువైంది.

మా ఆయన మంచివారు. కాకపోతే ఆయన నోటికి మూత లేదు. పైగా సాగర్ రోడ్డు మీద విత్తనాల దుకాణం, దాని ముందు నాలుగు కుర్చీలు. విత్తనం మొలకెత్తడానికి వాన రావాలి గానీ, ఆ కుర్చీల మధ్య పడిన మాటకు వానతో పని లేదు. మలేషియా అనుకున్న రోజు సాయంత్రానికే ఒక రైతు ఇంటికి వచ్చాడు. "అక్కా, మా చిన్నోడు గాడ్నే ఉన్నడు. జర గీ సకినాల డబ్బ అందియ్యాలె" అన్నాడు. డబ్బా కాదది, పాలక్యాను. జార్జియా అనుకున్నాం. ప్లాట్లు అమ్మిపెట్టే ఒకాయన ఆనందంతో కుర్చీలోంచి లేచాడట.

"మా బిడ్డ గాడ్నే డాక్టర్ చదువుతున్నదన్నా! హాస్టల్ తిండి తినలేక సగమైంది. వదినమ్మ పోతె నాలుగు దినాలు మంచిగ వండిపెడ్తది."

మా ఆయన ఈ సంగతి నాకు శుభవార్తలాగా మోసుకొచ్చారు.

"మీరేమన్నరు?" అన్నాను.

"ఏమంట? సరే అన్న. పాపం, పిల్ల."

ఆ రోజు నుంచి దేశాల పేర్లు ఆయన ముందు ఎత్తడం మానేశాను. గుట్టుగా వియత్నాం అనుకున్నాను. ఈసారి నోరు జారింది నాదే. ఎదురింట్లో ఉండేది కోస్తా నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. మావాళ్లు కారు కదా అన్న ధైర్యంతో ఆ ఇల్లాలితో అనేశాను. ఆమె చేతిలో ఉన్న చేట కింద పెట్టేసింది. "వియత్నామా! భలే మంచి పని చేశారండి. మా పిన్నిగారబ్బాయి అక్కడే రొయ్యల మేత కంపెనీలో ఉన్నాడు. హోటలూ అదీ పెట్టుకోకండి, బోలెడు గదులు. ఉండండి, ఇప్పుడే చెప్పేస్తాను" అంటూ ఫోను తీసింది. రొయ్య ముఖం ఎరగని మెట్ట ప్రాంతం నాది. ఆ రొయ్యల అబ్బాయి నాకు ఏ వరస? ఆ సాయంత్రమే అతను నన్ను "ఆంటీ" అన్నాడు. వరస కలిసిపోయింది.

విసిగి, బడి నుంచి గ్లోబు ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాను. తిప్పి తిప్పి వేలు మంగోలియా మీద ఆపాను. మా ఆయన కళ్లజోడు పెట్టుకుని వంగి చూశారు. "గాడ చుట్టాలు కాదే, మనుషులే లేరు" అన్నారు.

"నాకు గదే కావాలె" అన్నాను.

ఇంతలో పెద్ద అంబర్‌పేట నుంచి ఫోను. మా ఆయన అక్క, నాకు వదిన. మా ఇంట్లో ఏ పంచాయితీ అయినా చివరి తీర్పు ఆమెదే.

"ఏమే పిల్లా, సింగపూర్ పోరాదుండ్రి. మన చిన్నోని పెండ్లానికి ఫోన్ జేసి చెప్పిన, రూమ్ సదిరి పెట్టుమని."

చిన్నోడంటే మా ఆయన చిన్నాయన కొడుకు. చాలా కాలంగా భార్యతో సింగపూర్‌లో ఉంటున్నాడు.

"వదినా, మేమింక ఏ దేశమో అనుకోలె..."

"అనుకునేదేంది? తమ్ముని ఇల్లు ఉండంగ దేశాలు ఎతుకుతరా ఎవలన్న?"

ఫోను పెట్టేసింది. నేను గ్లోబును పట్టుకుని అట్లాగే నిలబడ్డాను. ఇన్ని దేశాలు, ఇన్ని సముద్రాలు, మళ్లీ వెళ్లి వాలేది ఒక వంటింట్లో. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మా ఆయన మీద పడ్డాను. మీ అక్క ఎవరు నిర్ణయించడానికి అన్నాను. ఈ పాస్‌పోర్టు ఎవరిది అన్నాను. ఆయన నెమ్మదిగా చాయ్ చప్పరిస్తూ, "చుట్టాలంటె గంత కోపమేందే? నువ్వు గూడ నాకు చుట్టానివే. మా మేనమామ బిడ్డవు" అన్నారు.

"గందుకే చెప్తున్న. చుట్టాన్ని ఇంట్ల పెట్టుకుంటె ఎట్లుంటదో మీకు తెల్సిందేనాయె!"

ఆయన నవ్వారు గానీ అక్కకు ఫోను చేసి కాదని చెప్పే ధైర్యం ఆయనకు లేదు. నాకూ లేదు. మిగిలింది ఒకటే దారి. సింగపూర్‌లో ఉన్న ఆ అమ్మాయికే నేరుగా చెప్పడం. ఆమె నా తోటికోడలు, మా మాటలో యారాలు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు పలకరించుకోవడమే తప్ప పెద్దగా చనువు లేదు. మీ ఇంట్లో దిగం అని చెబితే ఇక ఆ పలకరింపు కూడా ఉండదని తెలుసు. అయినా ఆదివారం మధ్యాహ్నం గుండె గట్టి చేసుకుని ఫోను చేశాను.

అవతల మిక్సీ తిరుగుతోంది. ఎవరిదో గొంతు, "చాయ్ అయిందా బిడ్డా?" అంటోంది. చెప్పాల్సింది ఒక్క గుక్కలో చెప్పేశాను. మేము వస్తాం, కానీ హోటల్లో ఉంటాం, మీ ఇంట్లో దిగం, ఏమీ అనుకోవద్దు.

సంబంధం తెగిందనుకున్నాను. తర్వాత తలుపు గడియ వేసిన చప్పుడు వినిపించింది. మిక్సీ మోత ఎక్కడో దూరానికి పోయింది.

"అక్కా" అంది గొంతు తగ్గించి, "నిజంగనే హోటల్ల దిగుతున్నరా?"

"అవ్."

"పక్కానా?"

"పక్కా."

"నన్ను గూడ ఒక్క దినం రానిస్తరా?"

నాకు అర్థం కాలేదు. "ఎందుకే?" అన్నాను.

"పండుకోనీకి."

ఆ తర్వాత ఆమె ఆగలేదు. "ఆస్ట్రేలియా పొయ్యేటోళ్లు మా ఇంట్లనే ఆగుతరు, వచ్చేటోళ్లు మా ఇంట్లనే ఆగుతరు. మొన్న మీ మరిది దోస్తు అత్తమామలు వచ్చిన్రు. వాళ్లు నాకేమైతరక్కా? ఎంత ఆలోచన జేసినా వరస దొరకలె. దోసెలైతె పోసిన. ఆఫీసుకు పోవాలె, వచ్చి వండాలె. అందరు గా నీళ్లు కక్కే సింహం బొమ్మ కాడ ఫోటో దిగి నాకు సూపెడ్తరు. నేను ఇంతవరకు గా దిక్కు పోలె."

ఇన్నేళ్లూ ఇంకొకరి వంటింట్లో ఇరుక్కుపోయానని నేను కుమిలిపోయాను. ఆ వంటిల్లు గలామె సంగతి నాకు తట్టనే లేదు. పిలిచేవాళ్లకూ వద్దు, వెళ్లేవాళ్లకూ వద్దు. మరి ఎవరి మర్యాద కోసం ఈ మర్యాద?

"మరి మా వదినకేం చెప్పాలె?" అన్నాను.

"ప్యాకేజీ అని చెప్పుండ్రి. పైసలు ముందే కట్టినం, హోటల్ల ఉండకపోతె వాపస్ రావని చెప్పుండ్రి. మనోళ్లు దేనికన్న అలుగుతరు గని, కట్టిన పైసలు పోతయంటె అలగరు."

అట్లాగే చెప్పాను. వదిన మొదట "మేమంత సచ్చినమా?" అంది. ప్యాకేజీ సంగతి చెప్పాను. "వాపస్ రావా? అయితె హోటల్లనే ఉండుండ్రి. కట్టినంక ఎందుకు ఇడ్సిపెట్టాలె?" అంది. అలా మేము సింగపూర్‌ను ఎంచుకున్నాం. కారణం ఎవరైనా అడిగితే, అక్కడ మాకు చుట్టముంది అని చెబుతాను.

మేము వెళ్లిన మర్నాడు పొద్దున మరిది ఆమెను హోటలుకు తీసుకువచ్చాడు. ఆమె చేతిలో పెద్ద స్టీలు డబ్బా.

"ఏందే అది?"

"పులిహోర అక్కా. ఉత్త చేతులతోని ఎట్ల వస్త?"

"ఎప్పుడు లేసినవ్?"

"చీకటుండంగనే" అంది. కానిస్టేబుల్ మీద, దుకాణం కుర్చీల మీద, రొయ్యల మీద కూడా రానంత కోపం వచ్చింది నాకు. డబ్బా లాక్కుని మా ఆయన చేతిలో పెట్టాను. "మీరిద్దరు పోయి ఊరు సూసి రాండ్రి. ఆకలైతె తినుండ్రి. మాకు ఫోన్ చెయ్యొద్దు" అన్నాను. అన్నదమ్ములిద్దరూ పులిహోర పట్టుకుని, పంపించేసిన పెళ్లివారిలా లిఫ్టు ఎక్కారు.

మేమిద్దరం కిందికి, టిఫిన్లు పెట్టే చోటికి వెళ్లాం. కూర్చోగానే ఆమె లేచింది, నాకు చాయ్ తెస్తానని. నేనూ లేచాను, ఆమెకు ప్లేటు తెస్తానని. బల్ల పక్కన ఒకరికొకరం అడ్డం పడ్డాం. నేను ఆమె చెయ్యి పట్టుకుని, "కూసో" అన్నాను. ఇద్దరం కూర్చున్నాం. ఎవరో అమ్మాయి నవ్వుతూ వచ్చి రెండు కప్పుల్లో వేడి చాయ్ పోసి వెళ్లిపోయింది.

చేతులు బల్ల మీద పెట్టుకున్నాం. తీసి ఒళ్లో పెట్టుకున్నాం. ఆమె అలవాటుగా బల్ల మీది తడిని కొంగుతో తుడవబోయి ఆగింది.

"అక్కా, గిప్పుడేం జెయ్యాలె?"

"నాకు గూడ తెల్వదే. తాగు" అన్నాను.