మేనల్లుడి కోసం చప్పిడి పంక్తి

అప్పట్లో (ఏ రాజుల కాలమో అనుకోవద్దు, నాలుగేళ్ల కిందటి మాటే) మా ఎమ్మిగనూరు ఇంట్లో నాకొక ఉద్యోగం ఉండేది, గిన్నె కాపలా. డిగ్రీ చదివిన నాకు అంతకంటే బాధ్యతగల పని ఊళ్లో ఎవరూ ఇవ్వలేదు. కాన్పుకు పుట్టింటికొచ్చి ఇంకా అత్తగారింటికి పోని మా అక్క, ఎనిమిది నెలల కొడుక్కు పప్పన్నం మెత్తగా ఉడికించి, చల్లారబెట్టి, బట్టలుతికేదానికి పెరట్లోకి పోయేది. ఆమె తిరిగొచ్చేలోగా గిన్నె దగ్గరికి మా అవ్వ రాకుండా చూడాలి. టీకాల రోజు నర్సమ్మ ఒక మాట చెప్పింది మరి: "ఏడాది నిండేదాకా ఉప్పు వెయ్యొద్దమ్మా. పసిబిడ్డల మూత్రపిండాలు దాన్ని తట్టుకోలేవు. వాళ్లకు కావాల్సినంత పాలల్లోనే ఉంటాది." మా అక్క ఒక మాట పట్టుకుంటే వదిలించడం ఎవరి తరమూ కాదు (బావ ప్రయత్నించి మానుకున్నాడు).

అవ్వ ఏది వండినా అరచేతిలో చుక్క వేసుకుని నాకి చూడనిదే ఎవరికీ పెట్టదు. పసివాడికి చప్పిడి కూడు పెట్టడమంటే ఆమె లెక్కలో పగ తీర్చుకోవడమే. "ఉప్పు తినకుంటే రోషం యాడనుంచి వస్తాదిరా? మీ నాయనకు నాలుగో నెల్లోనే పెట్టినా. ఏమైంది?" అనేది. (ఏమైందో చెప్పగలను గానీ, నాన్న ఇది చదువుతాడు.)

ఒకరోజు అవ్వ నా ముందు పొట్లం విప్పింది. వేడివేడి బొరుగుల ఉగ్గాని, రెండు మిరపకాయ బజ్జీలు. "తినప్పా. తింటా తింటా ఆ పక్కకు తిరుక్కో" అంది. తిరుక్కున్నాను. మూడు రోజులు వరసగా తిరుక్కున్నాను. నా నిజాయితీ ఆరు బజ్జీలు చేసింది.

నాలుగోరోజు అవ్వ పెళ్లికని ఆదోని పోయింది. ఆ పూట ఉప్పు పడని ముద్దను మా అల్లుడు తుపుక్కున ఊసి నోరు బిగించాడు. సాయంత్రమూ అంతే, మర్నాడూ అంతే. పెళ్లి నుంచి వచ్చిన అవ్వ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది, మేమందరం దగ్గినాం, వాడు మాత్రం నోరు తెరవలేదు. అక్క వాణ్ని భుజానేసుకుని, "బిడ్డ ఏమీ తినకుండా ఉండాడురా, ఏం జబ్బో ఏమో, ఆస్పత్రికి పోదాం పా" అని ఏడ్చింది. అది నేను తట్టుకోలేకపోయాను.

"జబ్బు కాదక్కా. బజ్జీలు."

అంతా విన్నది. తిట్టలేదు. కళ్లు తుడుచుకుని, "రేపట్నుంచి మీ ఇద్దరూ వీని ముందర కూసోని ఇదే తినాల. బాగుందన్నట్టు మొకం పెట్టాల. వాడు మన మొకాలు సూసే నేర్చుకుంటాడు" అంది.

కూర్చున్నాం. అక్క, అవ్వ, నేను, ఎదురుగా న్యాయమూర్తిలాగా వాడు.

"ఆ మొకం కాదురా, మంచి మొకం."

"నాకుండేది ఇదొక్కటే అక్కా."

రెండు రోజులు అక్క ఒక్కతే ఓపిగ్గా నమిలింది, విసుక్కోకుండా, వాడు తోసేసిన ముద్దను మళ్లీ మెదుపుతూ. మూడోనాడు అవ్వ కళ్లు మూసుకుని ఒక ముద్ద మింగి, "ఆహా! అమృతం రా నాయనా!" అంది. తాను వండని కూడును జన్మలో మెచ్చుకోని మనిషి! వాడు ఆమె మొహం చూశాడు, కంచం చూశాడు, నోరు తెరిచాడు.

వాడు తింటుంటే అవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. ఇలాంటి చోట సూది గుచ్చడం నా అలవాటు. జోకు నాలిక చివరిదాకా వచ్చింది. నోరు తెరిచాను. అక్క అందులోనూ ఒక ముద్ద పెట్టింది.

ఆ జోకేమిటో ఇప్పుడు ఎంత తలచుకున్నా గుర్తు రాదు.