పత్తి బేళ్ల బెల్టు, నా నడుం

పొద్దున కొండ ఎక్కడానికి బయల్దేరుతూ, మా నాన్న లారీలోంచి పత్తి బేళ్లు కట్టే బెల్టొకటి సంచిలో వేసుకున్నాను. పైన బండకు నన్ను నేను కట్టుకుని, కింద నుంచి ఎక్కేవాళ్ల తాడు పట్టుకోవాలి కదా. ఆ పనికి ఇంతకంటే గట్టిది ఏముంటుందని నా ధీమా. పత్తి లారీల ఊరు చిలకలూరిపేటలో పుట్టినదాన్ని మరి.

నాకు ఎక్కడం నేర్పే సలోమి అక్క బడిలో పీఈటీ టీచర్. సంచిలో బెల్టు చూడగానే దాన్ని అక్కడే ఉంచమంది.

"లారీ లోడంతా ఆపుద్ది అక్కా, నన్ను ఆపదా?" అన్నాను.

"ఎందుకాపదూ, ఆపుద్ది. కాకపోతే అది సాగదు, ఒక్కసారిగా ఆపుద్ది. పత్తి బేలుకి నడుం ఉండదు, నీకుంది" అంది. కొండ ఎక్కే తాడు కాస్త సాగుతుంది. దాని ముక్కతోనే నన్ను బండకు కట్టింది.

నేను మొహం మాడ్చుకున్నాను. గంట తిరక్కుండానే ఫోటో పిచ్చిలో, కట్టిన చోటుకంటే రెండడుగులు పైకెక్కి జారిపడ్డాను. తాడు సాగి, మెత్తగా పట్టుకుంది. మోచెయ్యి గీరుకుంది, అంతే. నడుం ఒకసారి తడిమి చూసుకున్నాను. అక్క వచ్చి నా తాడు ముడి మళ్లీ సరిచూసింది. తిట్టినా బాగుండేది.

ఇంట్లో ఉన్నదే గట్టిదని మోసుకెళ్లినవాళ్లు మీలో ఇంకెవరైనా ఉంటే చెప్పండి, నాకు తోడు కావాలి.

ఇందాక నాన్న అడిగాడు, "ఏమ్మా, మన బెల్టు పనికొచ్చిందా?" అని.

"బాగా పనికొచ్చింది నాన్నా. సంచిలోంచి బయటికే తీయలేదు."