మెట్ల మలుపులో పదో తరగతి

1999 ఆగస్టు తొమ్మిది, సోమవారం, మధ్యాహ్నం పన్నెండు గంటల నలభై నిమిషాలకు మా బడి డాబా తలుపుకు తాళం కనబడింది. భోజనాల గంట అప్పుడే కొట్టారు. పదో తరగతి ఆడపిల్లలు తొమ్మిదిమంది క్యారియర్లు పట్టుకుని పై మెట్టు మీద ఆగిపోయారు. వాళ్ళ వెనక సుద్దముక్కల డబ్బాతో నేను, వాళ్ళ లెక్కల టీచర్ని.

అమీర్‌పేట నుంచి పంజాగుట్టకు పోయే రోడ్డు వెనక సందులో, ఒక అద్దె మేడలో ఉండేది మా బడి. కింద చిన్న తరగతులు, మొదటి అంతస్తులో హైస్కూలు. రెండో అంతస్తును ఆ వేసవిలోనే ఇంటి యజమాని ఒక కంప్యూటర్ శిక్షణా కేంద్రానికి ఇచ్చాడు. వాళ్ళ ఏసీ పెట్టెలూ జనరేటరూ డాబా ఎక్కాయి. ఖరీదైన సామాను గనక తాళం వేశారు.

ఆ డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడే మా భోజనశాల. నీడ జరిగినకొద్దీ పిల్లలూ క్యారియర్లతో సహా జరిగేవాళ్ళు. ఒకరి గోంగూర ఇంకొకరి పచ్చిపులుసులోకి పోయేది. తిన్నాక గచ్చు మీద సుద్దతో గజం పొడవు త్రిభుజాలు గీసి, ఒకరికొకరు సిద్ధాంతాలు చెప్పుకునేవాళ్ళు. నల్లబల్ల మీద నేను పదిసార్లు చెప్పినా ఎక్కనిది అక్కడ స్నేహితురాలు తిడుతూ చెబితే ఎక్కేది. నేను మాట్లాడేదాన్ని కాదు. సుద్ద అందించడమే నా పని.

తరగతి గదులు ఆ సమయానికి చిన్న పిల్లల భోజనాలకు పోయేవి. అందుకని ఆ రోజే కరస్పాండెంట్ గారి గదికి వెళ్ళాను.

"సెల్లార్ ఖాళీగనే ఉంది గదా మేడమ్. ఆడ కూసోమనండి," అన్నారాయన.

"అక్కడ పుస్తకంలో అక్షరం కనబడదండీ."

"తిననీకి అక్షరమెందుకు మేడమ్?"

వాళ్ళలో ఒకమ్మాయికి అది తిండి సంగతి కాదు. యూసుఫ్‌గూడలో ఒకే గది, అందులో అయిదుగురు, రాత్రి పదింటిదాకా ఆగని తల్లి కుట్టుమిషను. చదువుకోవడానికి ఆ పిల్లకు ఉన్న చోటల్లా మా డాబాయే. లెక్కల్లో యూనిట్ పరీక్ష అప్పటికే తప్పింది. మార్చిలో పబ్లిక్ పరీక్ష కూడా తప్పితే మిషను ముందు కూర్చోబెడతానని తల్లి చెప్పేసింది.

"మార్చి దాంక జాగ దొరికితే చాలు టీచర్. తర్వాత నా ఫికర్ నేను జేస్కుంట," అంది నాతో.

దొరికిన జాగా మొదటి అంతస్తుకూ రెండో అంతస్తుకూ మధ్య మెట్ల మలుపు. కిటికీ ఉంది, గాలి వస్తుంది. కానీ అక్కడ అప్పటికే చెప్పులున్నాయి. కంప్యూటర్లకు దుమ్ము పడదని ఆ రోజుల్లో గది బయటే చెప్పులు విడవమనేవారు. కోర్సుల కోసం ఎక్కడెక్కడి నుంచో వచ్చి మధురానగర్ హాస్టళ్ళలో ఉండే కుర్రాళ్ళు బ్యాచి బ్యాచికీ పెరిగారు. వాళ్ళ చెప్పులు తలుపు ముందు చాలక మెట్లు దిగి మలుపంతా పరుచుకున్నాయి. పిల్లలు వాటి మధ్య సందు చేసుకుని కూర్చున్నారు.

"పుస్తకం కింద పెట్టి తినవే," అంది గుంటూరు వైపు పిల్ల, యూసుఫ్‌గూడ పిల్లతో.

"యాడ పెట్టాలె? అన్ని చెప్పులేనాయె."

"ఒళ్ళో పెట్టుకో మరి, మహారాణీ!"

"ఒళ్లె గిన్నె ఉంది. నెత్తి మీద పెట్టుకోనా?"

పైనుంచి దిగుతూ, తన జత వెతుక్కుంటూ ఒక పొడుగు కుర్రాడు ఆగాడు. చీరాల వైపు వాడట.

"ఏంటమ్మా, మా చెప్పులకు కాపలానా?"

"కాపలా గాదన్నా. గీ వాసనకు మా పప్పు సుత ఖరాబైతుంది," అంది యూసుఫ్‌గూడ పిల్ల.

అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. కానీ చెప్పుల పక్కన పుస్తకం పెట్టడానికి మాత్రం ఎవరికీ చేయి రాలేదు. సుద్ద గీయడానికి నేలే లేదు. ఒకరు ఒళ్ళో పెట్టుకుని చదివితే మిగతావాళ్ళు వినేవారు. రేఖాగణితాన్ని చెవితో నేర్చుకోవడం ఎవరి తరం? గీసుకుంటే తప్ప అర్థం కాని ఆ పిల్ల సెప్టెంబరు పరీక్షలో మళ్ళీ తప్పింది. ఆ రోజు క్యారియర్ విప్పలేదు.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆమె ఒళ్ళోంచి లెక్కల పుస్తకం జారి చెప్పుల మీద పడింది. గబుక్కున తీసి, పైటతో తుడిచి, కళ్ళకద్దుకుంది. ఒకసారి కాదు, మూడుసార్లు. ఆ పుస్తకం పడింది పొడుగు కుర్రాడి చెప్పుల మీదే. అతను రెండు మెట్ల పైన నిలబడి చూశాడు. ఆ పూట నవ్వలేదు.

మర్నాడు మేము వెళ్ళేసరికి మలుపులో ఒక్క చెప్పు లేదు. ఎవరో నీళ్ళతో కడిగినట్టు గచ్చు ఇంకా తడిగా ఉంది. కిందికి వెళ్ళి చూస్తే చెప్పులన్నీ సెల్లార్‌లో, స్కూటర్ల పక్కన వరసలు తీరి ఉన్నాయి. కుర్రాళ్ళు ఒట్టి కాళ్ళతో మెట్లెక్కుతున్నారు.

"ఏం భాయ్, గిది కంప్యూటర్ సెంటరా, గుడా?" అని వాచ్‌మన్ వాళ్ళను ఆటపట్టిస్తున్నాడు.

"నీకెందుకన్నా, నీ స్కూటర్లు నువ్వు చూసుకో," అన్నాడు పొడుగు కుర్రాడు.

ఆ రోజు నుంచి మార్చి దాకా త్రిభుజాలు మలుపు నిండా మళ్ళీ లేచాయి. మెట్లెక్కే కుర్రాళ్ళు గోడకు ఒదిగి, గీతలు చెరగకుండా అంగలు వేసేవారు.

"అన్నా, జర ఆగు! నా లంబం మీద కాలు పెడుతున్నవ్!"

"సారీ మేడమ్. ఏ వైపు నుంచి పోవాలి?"

"కర్ణం పక్క నుంచి పో."

ఆమె పాసయింది. లెక్కల్లో డెబ్బై ఒకటి.

జూన్‌లో టీసీ కోసం వచ్చినప్పుడు మలుపు చూద్దామని నేనే ఆమెను తీసుకుని పైకి వెళ్ళాను. సెలవుల్లో మెట్లకు దారి వదిలి మలుపుకు అల్యూమినియం చట్రాలు బిగించి అద్దాలు వేశారు. లోపల బల్ల, ఫోను, ఒకమ్మాయి. మా పిల్ల అలవాటుగా చెప్పులు విడిచింది.

"ఏ కోర్సు?" అని అడిగింది లోపలి అమ్మాయి.

"కోర్సు కాదక్కా. గీడ మేం కూసునేటోళ్ళం."

లోపలి అమ్మాయికి అర్థం కాలేదు. ఫోను మోగితే ఎత్తింది. మా పిల్ల కాసేపు అద్దం కింది గచ్చును చూసి, చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగింది.

బడి ఆ తర్వాత రెండేళ్ళకు వేరే చోటికి మారింది, నేను ఉద్యోగం మాని ఇంటికి మారాను. ఇప్పటికీ నాకు పన్నెండు నలభైకే ఆకలి వేస్తుంది. ఒక్కదాన్నే కనుక ఒక కూరతో సరిపెట్టుకుంటాను.

పోయినవి ఇవి. డాబా ఒకటి, ట్యాంకు నీడతో సహా. మెట్ల మలుపు ఒకటి, కిటికీతో సహా. రోజుకు నలభై నిమిషాలు. తొమ్మిది క్యారియర్ల కూరలు. చెప్పులు సెల్లార్‌లో విడిచి ఒట్టి కాళ్ళతో మెట్లెక్కిన కుర్రాళ్ళు, ఎంతమందో తెలియదు. సుద్దముక్కల డబ్బా ఒకటి, సగం నిండినది.