పాలెన్నని అడగరాదు

కాలేజీలో నా మెయిన్ కామర్స్. మైనరుగా పశుపోషణ తీసుకున్నానని చెబితే మా నాన్న పకపకా నవ్వాడు. "ఆవు మూతి ఏ పక్క ఉంటాదో తెల్సునా నీకి?" అన్నాడు. తమిళనాడు ధర్మపురిలో మాది తరాలుగా పశువుల దాణా అంగడి. పుణ్ణాకు, తవుడు, పత్తిగింజలు అమ్మడమే తప్ప మా ఇంట్లో ఆవును కట్టిన వాళ్లు లేరు. మేం అమ్మే ఆ పుణ్ణాకు, అంటే వేరుశనగ చెక్క, ఆవు కడుపులోకి పోయి ఏమవుతుందా అని నాకు చిన్నప్పటి నుంచీ ఒకటే కుతూహలం. ఆవు కడుపుకు నాలుగు అరలని క్లాసులో బొమ్మ గీసిన రోజు అన్నం తింటూ కూడా అదే ఆలోచన.

ప్రాజెక్టుకు ఒక ఆవును ఎంచుకుని మేత లెక్క కట్టాలి. మా అంగడికి వచ్చే పక్కూరు ఇండూరు ఆమెను అడిగాను. వరస కలిపి అత్తా అని పిలుస్తాను. కట్టడం పనికి పోతుంది. మొగుడు లేడు. పని దొరకని రోజుల్లో ఇల్లు గడిచేది ఆ ఆవు మీదే. ఈనినప్పటి నుంచి అది చిక్కిపోతోంది. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నా అత్త నమ్మలేదు. పడిపోకముందే అమ్మేయాలని బ్రోకరుకు కబురు పెట్టింది.

మేత లెక్కకు పాలెన్నో తెలియాలి. అడిగాను.

"ఎన్నని చెప్పేది పాపా? దూడ తాగినాక ఏదో కొంచెం," అంది.

మావాళ్లు పాల కొలత బయటికి చెప్పరు, దిష్టి తగులుతుందని. పితికేటప్పుడు అత్త కొట్టం వాకిలికి పాత చీర కడుతుంది. పాల సొసైటీకి పోస్తే ఊరంతా తెలుస్తుందని వాడికగా తీసుకునే ఇళ్లకు చిన్న చెంబులతో పోస్తుంది. నేనూ ఆ నమ్మకం ఉండే ఇంట్లో పుట్టినదాన్నే కాబట్టి మళ్లీ అడగలేదు. కొంచెమంటే కొంచెమే అనుకుని, ఆ మేరకు దాణా చెప్పి వచ్చాను.

మళ్లీ వెళ్లేసరికి ఆవు ఎముకలు ఇంకా తేలాయి. నా లెక్క ఎక్కడ తప్పిందో అంతు పట్టలేదు. చుట్టూ తిరిగి చూస్తుంటే పొదుగు కనబడింది. ఈ బక్క ఒంటికి అంత పొదుగా!

"అత్తా, పితికేటప్పుడు నన్ను లోపలికి రానీ," అన్నాను.

అత్త వీధి వైపు ఒకసారి చూసింది. "సరే, నువ్వు మన బిడ్డవే గదా," అని చీర పక్కకు జరిపింది.

బకెట్టు నిండింది. బిందెలోకి వంచి మళ్లీ పితికింది. నేను కళ్లప్పగించి చూస్తున్నాను.

"దీనికి జబ్బు లేదత్తా. ఇన్ని పాలకి నువ్వేసే పుణ్ణాకు చాలదు. ఒంట్లో ఉండేదంతా కరిగి పాలయి పోతా ఉంది."

అత్త చేతులు ఆగిపోయాయి. "ఎక్కువ కొంటే పాలెన్నో మీ నాయన కనిపెట్టేస్తాడని తక్కువ కొంటా ఉంటినే! అంటే దీని కడుపు కొట్టింది నేనేనా?" అంది. ఆవు మెడకు ముఖం ఆనించి ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది.

బ్రోకరు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. ఆవును చూసి పెదవి విరిచి, పాలేమైనా ఇస్తుందా అని తమిళంలో ఎగతాళిగా అడిగాడు. ఎన్ని లీటర్లో అత్త వీధి వీధంతా వినబడేలా చెప్పింది. అతను కళ్లింత చేసుకుని కొట్టం వైపు ఒక అడుగు వేశాడు.

"అమ్మేది లేదు, పో!" అంటూ అత్త పొదుగు కనబడకుండా అడ్డంగా నిలబడింది.