ఎడమకాలి చెప్పు, సైజు ఎనిమిది

మా అన్నయ్యకు కావలసింది ఒక్క చెప్పు. ఎడమ కాలిది, సైజు ఎనిమిది. ముందు భాగం వెడల్పుగా ఉండాలి, అడుగు రబ్బరుది అయి ఉండాలి, నున్నటి గచ్చు మీద జారకూడదు. అంతకు మించి ఆయన ఈ లోకాన్ని ఏమీ అడగలేదు. లోకంలో ఉన్న సామానంతా తన దగ్గరే ఉందని చాటుకునే ఆన్‌లైన్ దుకాణం ఒకటుంది కదా, దానికి ఈ చిన్న ముక్క ఎక్కించలేక మేమిద్దరం పడ్డ తిప్పలు తలుచుకుంటే ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు అనుకునేరు. ఇద్దరం ఒకచోట పనిచేస్తాం, అంతే. కట్టుడు పళ్ళు తయారుచేసే చోటు మాది. డాక్టర్లు జనం నోళ్ళ అచ్చులు తీసి మాకు పంపిస్తారు. వాటిని పట్టి అన్నయ్య మైనంలో పళ్ళు పేరుస్తాడు, చివర్లో నేను మెరుగు పెడతాను. ఎవరి పళ్ళో మాకు తెలీదు. ఆ మనుషులు మా గుమ్మం తొక్కరు. అయినా అన్నయ్య అచ్చు చేతిలోకి తీసుకుని, ఈయన పాపం ఒక వైపే నములుతాడనీ, ఈవిడ నిద్రలో పళ్ళు కొరుకుతుందనీ పక్కింటివాళ్ళ కబుర్లు చెప్పినట్టు చెబుతాడు. ఆయనకున్న చుట్టాలు చాలావరకు వాళ్ళే.

వయసులో ఉండగా బండి ప్రమాదంలో ఆయన కుడికాలు తొడ దాకా పోయింది. కొయ్యకాలు పెట్టి చూశారు. పుండ్లు పడితే దాన్ని మూలన పెట్టి ఊతకర్రలు పట్టుకున్నాడు. ఊరందరికీ పళ్ళు పెడతానే గానీ నాకు కాలు పెట్టే మొనగాడు దొరకలేదని తనే నవ్విస్తాడు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆవిడ, తను. ఆవిడ పోయాక ఒంటికాయ శొంఠికొమ్ము. మేం పనిచేసే చోటికి పైనే ఆయన గది. సెలవు రోజున ఆ మెట్లు దిగడు, ఎవరూ ఎక్కరు. ఒక సోమవారం పొద్దున పలకరిస్తే గొంతు పెగల్లేదు. జలుబు చేసిందా అని అడిగాను. "లేదమ్మా, శనివారం నిన్ను వెళ్ళిరమ్మన్నాక మళ్ళీ ఇదే మాట్లాడ్డం" అన్నాడు.

ఒంటి బరువంతా ఒక్క కాలే మొయ్యాలి కాబట్టి ఎడమ చెప్పు ఇట్టే అరిగిపోతుంది. కుడిది మట్టి కూడా అంటకుండా మిగిలిపోతుంది. మంచం కింద కుడి చెప్పులు బారులు తీరి ఉంటాయి. పారెయ్యమంటే వినడు. ఎడమ కాలు లేనివాళ్ళు ఎక్కడో ఉంటారు కదా, వాళ్ళకు పనికొస్తాయంటాడు. ఇదివరకు వీధి చివర ఒక చెప్పుల కొట్టాయన ఉండేవాడు. ఉంటే ఇచ్చేవాడు, లేకపోతే లేదనేవాడు. ఆ కొట్టు ఎత్తేశాక ఫోనే గతి అయింది.

ఇక చూడండి మా బాగోతం. మధ్యాహ్నం భోజనాల దగ్గర కూర్చుని 'ఎడమ కాలి చెప్పు ఒకటి' అని కొట్టేవాళ్ళం. వందల జతలు వచ్చి పడేవి. 'ఒకటే' అని గట్టిగా కొడితే ఒకటి కొంటే ఒకటి ఉచితం అని చూపించేది. అంటే రెండు జతలు, నాలుగు చెప్పులు. 'జత వద్దు' అంటే చెప్పుల స్టాండు చూపించింది. ఎడమ చేతి తొడుగు చూపించింది. పిల్లల బూట్లు, ఆడవాళ్ళ ఎత్తుమడమ జోళ్ళు, ఎందుకో ఒక కుక్కర్ కూడా. వడపోసుకోమని పక్కన గళ్ళు ఉంటాయి కదా, అందులో రంగు ఉంది, ధర ఉంది, చుక్కల మార్కులు ఉన్నాయి, ఒంటికాలివాడికి మాత్రం గడి లేదు. సైజు ఎనిమిది నొక్కి వెనక్కి వస్తే మళ్ళీ మొదటికే. చెవిటివాడి ముందు శంఖం ఊదడమే. పైగా ఆ మర్నాటి నుంచి ఆ కుక్కర్ ఎటు తిరిగితే అటు మా వెంటే పడింది. మనిషైతే లేదు పొమ్మంటాడు. దీని నోట లేదన్న మాట రాదు, అదే నాకు ఒళ్ళు మండించేది.

అన్నయ్యకు మాత్రం విసుగు లేదు. బొమ్మ బొమ్మకీ ఆగి కింద జనం రాసినవన్నీ చదువుకుంటూ పోయేవాడు. అలా చదువుతుండగా ఒక గోధుమరంగు చెప్పుల జత కింద, కొనేవాళ్ళ ప్రశ్నల్లో ఒకటి దొరికింది. 'ఇందులో కుడికాలిది ఒక్కటే ఇస్తారా? సైజు ఎనిమిది.' దానికి అమ్మకందారు జవాబు: 'అవునండి, మంచి నాణ్యత.' ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నాడట, అలాంటి జవాబు. నేను తిట్టబోతుంటే అన్నయ్య అన్నం ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆ ప్రశ్న వంక చూస్తున్నాడు.

దాని కింద తనూ రాశాడు. నాకు ఎడమది ఒక్కటే కావాలి, నాదీ సైజు ఎనిమిదే, ఇద్దరం కలిసి ఒక జత కొనుక్కుందామా అని. రెండు రోజుల్లో మరో ప్రశ్న పుట్టింది. 'ఎడమకాలాయన నిజంగా ఉన్నారా?'

అక్కడ పేర్లు కనిపించవు, అందరూ కస్టమర్లే. ఆడో మగో తెలీదు. ఫోన్ నంబరు రాస్తే చెరిపేశారు. అంకెలు వద్దని అక్షరాల్లో రాస్తే అదీ చెరిపేశారు. వీధి పేరు రాస్తే నిబంధనలు ఒప్పుకోవన్నారు. చెప్పుల గురించిన ప్రశ్న అయితేనే ఉంచుతారట. సరే అని ఇద్దరూ చెప్పుల మీద పెట్టే అన్నీ మాట్లాడుకున్నారు. ఈ చెప్పు వానలో జారుతుందా, నేను మొన్న పడ్డాను అని అటునుంచి. మెట్లు దిగేటప్పుడు అడుగు చూసుకోండి, మోచెయ్యి కాచుకోండి అని ఇటునుంచి. మధ్యలో అమ్మకందారు దూరి మంచి నాణ్యత అంటాడు. చెప్పు కోసం వెళ్ళి చుట్టరికం కలుపుకున్నావు, ఇక ముహూర్తం పెట్టించమంటావా అని నేను ఏడిపించేదాన్ని. ఆయన సిగ్గుపడేవాడు. సోమవారం పొద్దున గొంతు కూడా తేటగా ఉండేది.

ఒకరోజు ఈ ప్రశ్న వచ్చింది. 'రోజంతా ఎవరూ రాని ఇంట్లో వేసుకోవడానికి ఇవి బావుంటాయా?' అన్నయ్య ఆ పూట భోజనం ముట్టలేదు. సాయంత్రం దాకా ఆలోచించి రాశాడు. 'నేనూ అలాంటి ఇంట్లోనే వేసుకుందామనుకుంటున్నానండీ.'

అప్పటి నుంచి ఆయనకు ఒకటే ధ్యాస, ఆ మనిషి ఆచూకీ తెలియాలి. ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. కొన్నవాళ్ళకైతే అక్కడ ఫొటో పెట్టే హక్కు ఉంటుంది. చెప్పు పక్కన కాగితం మీద నంబరు రాసి ఫొటో తీస్తే, రాతను పట్టుకునే యంత్రం బొమ్మను పట్టుకోలేదని ఆయన లెక్క. ఇంతలో ఆ జత దగ్గర ఎర్రగా 'ఒకటే మిగిలింది' అని కనిపించింది. ఆ మాట వాళ్ళు నిత్యం అనేదే. నాన్నా పులి కథే అని నేను కొట్టిపారేశాను. అన్నయ్య వినలేదు. మా పనిలో పళ్ళ రంగు ఒక పెట్టెకూ ఇంకో పెట్టెకూ కలవదు. అందుకని సగం సెట్టులో ఉండగా అదే రంగు ఆఖరి పెట్టె కనిపిస్తే, ముందు దాన్ని పట్టుకోవాలి, తరవాతే ఎవరితోనైనా మాట్లాడాలి. అలాగే, పని పూర్తయి చేతికి రాకముందే అయిపోయిందని డాక్టరుకు చెప్పకూడదు. ఈ రెండూ ఆయన ఎముకల్లో ఇంకిపోయాయి. ఆ జత కొనేశాడు. అవతలి మనిషికి ఒక్క ముక్క రాయలేదు. జత చేతికి వచ్చాక చెబుతానన్నాడు.

పార్శిల్ వచ్చింది. ఎడమది అతికినట్టు సరిపోయింది. కుడిది బల్ల మీద పెట్టి, పక్కన పెద్ద అంకెలతో కాగితం పెట్టాడు. ఫొటో నేనే తీశాను. తీరా పెడదామని చూస్తే ఆ పేజీయే లేదు. పులి ఆసారి నిజంగానే వచ్చింది. ఆఖరి జత అమ్ముడుపోయాక అమ్మకందారు ఆ బొమ్మను తీసేశాడు, దాంతోపాటు ప్రశ్నలూ జవాబులూ అన్నీ పోయాయి.

కస్టమర్ కేర్‌కు నేను ఫోన్ చేశాను. ఆ వస్తువు ఇప్పుడు లేదు మేడమ్, అలాంటివే చూపించమంటారా అంది అక్కడి పిల్ల. అలాంటి మనిషిని చూపించు అన్నాను. పెట్టేసింది. అన్నయ్య మాత్రం పనయ్యాక గదిలో కూర్చుని సైజు ఎనిమిది ఉన్న ప్రతి జత కిందా అడుగుతూ వచ్చాడు, కుడికాలివారు ఇక్కడున్నారా అని. ఎక్కడ చూసినా మంచి నాణ్యతే. ఆ కొత్త ఎడమ చెప్పును కూడా డబ్బాలోంచి తియ్యలేదు. వేసుకో అన్నయ్యా అంటే, "నేనొక్కణ్ణే ఎలా వేసుకోనమ్మా, అది సగం వాళ్ళది కదా" అన్నాడు.

మొన్న మధ్యాహ్నం ఆయన ఫోన్‌కు ఆ దుకాణం నుంచి కబురొచ్చింది. మీరు కొన్న వస్తువు గురించి మరో కస్టమర్ అడుగుతున్నారు, జవాబు చెప్పి సాయపడండి అని. ఇది వాళ్ళు కొన్నవాళ్ళందరికీ పంపేదే. ఇన్నాళ్ళూ ఎక్కడ నానిందో ఏమో, ఆ ప్రశ్న తేదీ చూస్తే ఆయన కొన్న మర్నాటిది.

'ఎడమకాలాయనా, ఆఖరి జత అయిపోయినట్టు చూపిస్తోంది. కొన్నది మీరే అయితే నాకు దిగుల్లేదు. మీరేనా?'

కింద జవాబు ఇవ్వండి అని ఉంది. అన్నయ్య నొక్కాడు. పేజీ లేదంది. మళ్ళీ నొక్కాడు. నా వేలికేదో మహత్తు ఉన్నట్టు నేనూ లాక్కుని నొక్కాను. ఫోన్ ఆపి, తెరిచి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి నొక్కాను. నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు చెప్పడానికి.

ఆయన నా చేతిలోంచి ఫోన్ తీసుకుని ఆ ప్రశ్నను ఇంకోసారి చదువుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

"నేనేనండీ" అన్నాడు. అక్కడ నేను తప్ప ఎవరూ లేరు.