ఐదు మాటల పరీక్ష

2001లో నేను కె.ఆర్.పురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. జబ్బు చేసినవాళ్ళు, దెబ్బ తగిలినవాళ్ళు తమ రోజువారీ పనులు మళ్ళీ తామే చేసుకునేలా తర్ఫీదు ఇవ్వడం మా పని. ఆ పేరు నోరు తిరగక చాలామంది నన్ను ‘కసరత్తు మేడమ్’ అనేవారు. అప్పటికే ఎనిమిదేళ్ళ అనుభవం. నాకన్నీ తెలుసన్న గీర కూడా బాగానే ఉండేది.

ఆ ఏడాది వచ్చినవాడు నారాయణప్ప, తాపీ మేస్త్రీ. కదిరి వైపు నుంచి వచ్చి వర్తూరులో కాపురం ఉంటున్నాడు. పరంజా మీది నుంచి పడి తలకు దెబ్బ తగిలింది. కాళ్ళూ చేతులూ బాగున్నాయి, పాత సంగతులన్నీ గుర్తున్నాయి. కొత్తవే నిలవవు. పొద్దున తిన్న ఇడ్లీ మధ్యాహ్నానికి గుర్తుండదు. స్టవ్ కట్టేశాడో లేదో తెలియదు. కంట్రాక్టరు మంచివాడే, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తే మళ్ళీ పనిలోకి తీసుకుంటానన్నాడు. పనికి పనికొస్తాడని రాసిచ్చే కాగితం అది. నేను సరేనంటే సంతకం పెడతానన్నారు డాక్టరుగారు.

మొదటి రోజు ఆయన భార్య ఈశ్వరమ్మ సంచిలోంచి ఒక సీసా తీసింది. “మెడికల్ షాపాయప్ప ఇచ్చినాడు మేడమ్. పొద్దునా సాయంత్రం తాగితే అన్నీ గుర్తుంటాయంట. ఇది మూడో సీసా.”

“ఏమైనా గుర్తుంటున్నాయా?”

“సీసా యాడ పెట్టినాడో గూడా గుర్తు లేదు ఆయప్పకు,” అంది. ముగ్గురం నవ్వుకున్నాం. ఆ గదిలో మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ ఒక్కసారే.

డాక్టరుగారినడిగి టానిక్ మాన్పించాను. జ్ఞాపకానికి మందు కన్నా అలవాటే నయం అని చెప్పాను. తాళంచెవికి ఒకటే మేకు, వేరే చోట పెట్టకూడదు. తగిలించేటప్పుడు ‘మేకుకు తగిలిస్తా ఉండాను’ అని పైకి అనాలి. ఒక పని ముగిశాకే ఇంకోటి. గోడకు ఒక పలక, దాని మీద ఆ రోజు చేయాల్సినవి. చేసినదాన్ని ఎప్పటికప్పుడు కొట్టేయాలి. జేబులో చిన్న పుస్తకం, ఎవరేం చెప్పినా రాసుకోవడానికి. వేళకు నిద్ర, సాయంత్రం చెరువు దాకా నడక.

చూడటానికి వచ్చే చుట్టాల మీద మాత్రం నాకు మండిపోయేది. మంచం పక్కన కూర్చోగానే, “ఏమప్పా, నేనెవరో చెప్పు చూస్తాం?” అని మొదలుపెడతారు. తప్పు చెబితే నవ్వు. ఆ తప్పే ఆయన నోట నిలిచిపోతుంది. “పరీక్షలు పెట్టొద్దు, మీ పేరు మీరే చెప్పండి,” అని ఈశ్వరమ్మ చేత అందరికీ చెప్పించాను.

మరి నేను చేసిందేమిటి? మా దగ్గర ఒక మెమరీ టెస్ట్ ఉండేది. ఐదు మాటలు చెప్పి, పావుగంట తర్వాత అడిగి, మార్కులు వేస్తాం. ప్రతి బుధవారం ఈ పరీక్షే, వారం వారం మాటలు మారతాయి. ఒక బుధవారం గొడుగు, రైలు, చెంబు అని నేను చదువుతూండగా ఆయన జేబులోంచి పుస్తకం తీశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

“కాపీ కొట్టకూడదు మేస్త్రీ!”

“మీరే రాసుకోమంటిరి కదా మేడమ్?”

“అది ఇంట్లో. ఇక్కడ కాదు.”

ఆయన పుస్తకం జేబులో పెట్టేసుకున్నాడు. పావుగంటయ్యాక ఒక్క మాటా రాలేదు. ఊహించైనా చెప్పమన్నాను. “బకెట్టు,” అన్నాడు. తప్పు వేశాను.

అలా ఐదు నెలలు. మార్కులు ఒకటి దాటలేదు. ఇంటి దగ్గర మాత్రం పలక చూసి వంట చేస్తున్నాడు, నీళ్ళు పడుతున్నాడు, పక్కింటివాళ్ళ గోడకు సిమెంటు పూత కూడా వేశాడు. “సర్టిఫికెట్ ఇయ్యండి మేడమ్, సైటులో పుస్తకం చూసుకొని చేస్తాడు,” అని ఈశ్వరమ్మ బతిమాలింది.

“చూసి చెబితే గుర్తున్నట్టు కాదమ్మా,” అన్నాను.

ఆమె నా చేతిలోని కాగితం వైపు చూసింది. “మీరు గూడా చూసే కదా మేడమ్ అడుగుతా ఉండారు?”

నాకు కోపం వచ్చింది. చదువుకోని మనిషి నా పని నాకు నేర్పుతోందనుకున్నాను. మూడు మార్కులైనా రానిదే సరేనని చెప్పనన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఏడో నెలలో ఈశ్వరమ్మ ఒక్కతే వచ్చింది. నిలబడే మాట్లాడింది.

“ఆయప్ప రాడు మేడమ్. బుధవారం అని పలక మీద చూస్తానే బేజారయిపోతాడు. పుస్తకం గూడా పారేసినాడు. వంట లేదు, నడక లేదు, గోడ తట్టు తిరిగి పండుకుంటాడు.”

“నేను వచ్చి మాట్లాడతాను. నేను గుర్తున్నానా ఆయనకు?”

“మీ పేరు గుర్తు లేదు. మొగం గూడా గుర్తు లేదంటాడు. ఈ రూముకు వస్తే తప్పు చెప్తానని మాత్రం గుర్తుండాది.”

ఆ రోజే డాక్టరుగారి చేత సర్టిఫికెట్ రాయించి ఇచ్చాను. ఆమె మడిచి సంచిలో పెట్టుకుంది. కంట్రాక్టరు అప్పటికే ఇంకో మేస్త్రీని పెట్టుకున్నాడు. ఆ వారమే వర్తూరు వెళ్ళాను. నారాయణప్ప నన్ను గుమ్మంలో చూసి, ఎవరో తెలియకుండానే లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. కొన్నాళ్ళకు వాళ్ళు ఊరికి వెళ్ళిపోయారని విన్నాను. ఆయన మళ్ళీ తాపీ పట్టాడో లేదో తెలియదు. పట్టి ఉండడనే నా భయం.

ఇప్పుడు నా దగ్గరికి ఎవరొచ్చినా ముందు నా పేరు నేనే చెబుతాను. పుస్తకం తీస్తే తీయనిస్తాను; చూసి చెప్పినా జవాబే. మార్కుల కాగితం తీసేది చివర్లోనే, అదీ డాక్టరు అడిగితేనే. ఇవన్నీ నారాయణప్ప వల్ల నేర్చుకున్నవే. ఆయనకు మాత్రం అక్కరకు రాలేదు. కొత్త సంగతి ఒక్కటీ నిలవని ఆ తలలో ఏడు నెలలు కష్టపడి నేను ఒకే ఒక్కదాన్ని నిలబెట్టగలిగాను. అది భయం.