కలిదిండిలో ఒక ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయడానికి దారి

ఏలూరు స్టేషన్‌కి ఆరు నలభైకి రావలసిన పాసింజరు ఏడుంబావుకి వచ్చింది. అందరూ అది టైముకే వచ్చినట్టు ఎక్కారు. తాడేపల్లిగూడేనికి టిక్కెట్టు తొమ్మిది రూపాయలు. నా సంచిలో బయట తగిలించుకునే హార్డ్ డిస్కు ఒకటి, కంప్యూటర్లో వేస్తే చాలు నడిచే లినక్స్ సీడీ ఒకటి, ఖాళీ సీడీలు, పెసరట్టు పొట్లం ఉన్నాయి. వీటిలో నాకు పూర్తి నమ్మకం ఉన్నది పెసరట్టు మీదే.

ప్రయాణానికి కారణం ముందురోజు మా కంప్యూటర్ షాపుకి వచ్చిన ఫోను. కలిదిండిలో మెహరున్నీసా గారు చేపల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబు నడుపుతున్నారు. అరవై చెరువుల్లో ఏ రోజు ఆక్సిజన్ ఎంత, అమ్మోనియా ఎంత అన్నది మూడేళ్ళుగా ఆవిడ కంప్యూటర్లో ఎక్కించుకుంటూ వచ్చారు. ఆదివారం నుంచి హార్డ్ డిస్కు కటకటమంటోంది, కంప్యూటర్ లేవడం లేదు. చూసిన ఇద్దరు మెకానిక్కులూ "ఫార్మాట్ కొట్టేద్దామండీ" అన్నారట. మా షాపులో కూడా అదే మందు. జ్వరమొచ్చినా అదే, కాలు విరిగినా అదే. కానీ ఫోను ఎత్తింది నేను. పాడవుతున్న డిస్కు నుంచి దొరికినంత మేర కాపీ తీసే కమాండ్ లైన్ టూలు ఒకటుందనీ, అది ఉచితమనీ చెప్పాను. నేను దాన్ని ఎప్పుడైనా వాడానా అని ఆవిడ అడగలేదు. అడగనిది చెప్పడం మర్యాద కాదు.

ఆ టూలు నా సీడీలో లేదు. మా షాపులో ఉన్నది ఫోను లైను మీద నడిచే డయలప్ నెట్టు, ఎవరైనా ఫోన్ చేస్తే డౌన్‌లోడ్ గోవిందా. అందుకే కలిదిండికి తాడేపల్లిగూడెం మీదుగా బయలుదేరాను. అక్కడ ఇంజనీరింగ్ హాస్టల్లో నా స్నేహితుడు ప్రసాదూ, వేగమైన నెట్టూ ఉన్నాయి.

రైల్లో ఎదురుగా కూర్చున్న పెంటపాడు పెద్దాయన సీడీల కవరు చూశారు.

"ఏం సినిమా బాబూ?"

"సినిమా కాదండీ, సాఫ్ట్‌వేరు. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు వస్తాయి, అంతే."

"ఖరీదెంత?"

"ఉచితమండీ. ఎక్కడెక్కడి వాళ్ళో రాసి, ఎవరైనా వాడుకోండని పెట్టేస్తారు."

ఆయన రెండు స్టేషన్ల దాకా ఆలోచించారు. "వాళ్ళకి పొలం పుట్రా ఉండుంటుందిలే" అని తేల్చేశారు.

ఎనిమిదిన్నరకి హాస్టల్. ప్రసాదు నోట్లో బ్రష్షుతోనే డౌన్‌లోడ్ మొదలుపెట్టాడు. "ఒరేయ్, టూలు చిన్నదే. కానీ దీనికో లైబ్రరీ కావాలంటోంది. ఆ లైబ్రరీకి ఇంకోటి కావాలట."

"మేనమామని పెళ్ళికి పిలిచినట్టుందిరా."

"అంతే. వియ్యంకుణ్ణి కూడా పిలిస్తేగానీ రానంటున్నాడు."

టూలూ దాని చుట్టాలూ కలిపి మొత్తం ఐదు ప్యాకేజీలు, ఒక సీడీ. బయలుదేరేటప్పుడు వాడొక మాట చెప్పాడు. ఆ టూలు ఎంతవరకు చదివిందో ఒక లాగ్ ఫైల్లో రాసుకుంటుంది. మధ్యలో ఆగిపోయినా ఆ ఫైలుంటే ఆగిన చోటి నుంచే మొదలవుతుంది. "లాగ్ ఫైలు మర్చిపోకు." నేను వాడి వంక జాలిగా చూశాను.

తొమ్మిదింబావుకి భీమవరం బస్సు, అక్కడ టీ తాగి కలిదిండి బస్సు. ఆకివీడు దాటాక వరి పొలాలు సన్నగిల్లి చెరువులు మొదలవుతాయి. కిటికీకి రెండు పక్కలా నీళ్ళే, మధ్యలో గట్టంత రోడ్డు. చెరువుల్లో ఏరేటర్లనే చక్రాలు నీళ్ళు చిమ్ముతూ గాలి కలుపుతుంటాయి. ఆ రోజు ముసురు, ఆకాశం కూడా చెరువులాగే ఉంది.

పన్నెండుంబావుకి ల్యాబులో అడుగుపెట్టాను. దాహంగా ఉండి బల్ల మీది కూల్‌డ్రింక్ సీసా అందుకున్నాను.

"ఏవండీ, అది తాగకండి!" అన్నారు మెహరున్నీసా గారు. "అది మూడో నంబరు చెరువు."

మూల కుర్చీలో కూర్చున్న అరవయ్యేళ్ళాయన నవ్వారు. చెరువుల రైతు, సుబ్బరాజు గారు. "పూర్వం మేం నీళ్ళు నాలిక మీద వేసుకునే చెప్పేసేవాళ్ళం బాబూ. ఈవిడొచ్చాక నాలికకి సెలవిచ్చాం."

ఆవిడ నవ్వలేదు. "ముసురు పడితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గి చేప చస్తుందండీ. పోయిన ముసుర్లలో ఏ చెరువు ఏ రోజు చెడిందో చూసుకునే నేను రైతులకి చెప్పేదండీ. ఆ లెక్కలు పోతే ఇక నేను చెప్పేది జోస్యమే."

పన్నెండు ముప్పావుకి నల్ల తెర వచ్చింది, ఐదు ప్యాకేజీలూ ఎక్కాయి, టూలు పని మొదలుపెట్టింది. కాపీ నా డిస్కులోకి వెళుతోంది. శాతం పెరుగుతుంటే, ఆ టూలు నేనే రాసినంత గంభీరంగా కూర్చున్నాను. ఒకటిన్నరకి కరెంటు పోయింది.

"యూపీఎస్ లేదాండీ?"

"ఉందండీ. అందులో బ్యాటరీ లేదు."

ఫర్వాలేదు, లాగ్ ఫైలుంది కదా అన్నాను. అంటుండగానే అసలు సంగతి గుర్తొచ్చింది. సీడీ మీద నడిచే లినక్స్‌కి ఉన్నదల్లా కంప్యూటర్ మెమరీయే. కరెంటుతో పాటు అదీ పోతుంది. లాగ్ ఫైలు మర్చిపోలేదు. సరిగ్గా ఆ మెమరీలోనే పెట్టాను. విషయం చెప్పేశాను. ఇక వెనక దాక్కోవడానికి నల్ల తెర కూడా లేదు.

సుబ్బరాజు గారు లేచి వెళ్ళారు. అరగంటలో ట్రాక్టరు మీద డీజిల్ జనరేటరుతో వచ్చారు. ఆ ఊళ్ళో దాని అర్థం నాకు తర్వాత తెలిసింది. అక్కడ జనరేటరు చెరువు సొత్తు. ఏరేటర్లకి తప్ప దేనికీ కదలదు, సొంత తమ్ముడి ఇంట్లో పెళ్ళికి కూడా.

రెండు గంటలకి మళ్ళీ మొదటి నుంచి. ఈసారి లాగ్ ఫైలు నా డిస్కులో. నాలుగున్నరకి తొంభై ఒక్క శాతం. బయట మబ్బు దట్టమైంది. మెహరున్నీసా గారు సుబ్బరాజు గారి చెరువు నుంచి అప్పుడే వచ్చిన సీసాని పరీక్ష చేసి లేచి నిలబడ్డారు.

"రాజు గారూ, ఆక్సిజన్ పడిపోతోంది. జనరేటరు తీసుకెళ్ళండి."

"ఇంకో అరగంట పర్లేదమ్మా. పని కానీ."

"పోయినేడూ ఇలాగే అన్నారు."

ఆయన కుర్చీలోంచి లేచారు. నేనే అన్నాను, "ఇప్పుడు ఆపితే ఈ డిస్కు మళ్ళీ లేస్తుందో లేదో చెప్పలేనండీ."

"చేప మాత్రం లేవదండీ" అన్నారావిడ. "ఆపేయండి."

ఆపాను. జనరేటరు వెళ్ళిపోయింది. ఐదు దాటాక కరెంటు వచ్చింది. డిస్కు రెండుసార్లు దగ్గి లేచింది. మళ్ళీ ప్యాకేజీలు ఎక్కించి అదే కమాండ్ కొట్టాను. తొంభై ఒకటి నుంచే అందుకుంది. నేను పుట్టినప్పుడు మా ఇంట్లో ఇంత సంతోషపడి ఉండరు.

ఆరింటికి కాపీలోని ఫైళ్ళు ఒక్కొక్కటే తెరిచాం. చెరువుకొకటి చొప్పున అరవైలో యాభై తొమ్మిది బాగున్నాయి. పాడైనది సుబ్బరాజు గారి పెద్ద చెరువుది, అదీ పోయినేడు ముసురు పట్టిన తొమ్మిది రోజుల దగ్గరే. ఏరేటర్లు తిప్పి తిరిగొచ్చిన ఆయన మా మొహాలు చూసి సంగతి అడిగారు. చెప్పాం.

"రాసుకో అమ్మా" అన్నారాయన. "మొదటి రోజు నాలుగు పాయింట్ రెండు. రెండో రోజు మూడు పాయింట్ ఆరు..."

తొమ్మిది రోజులవీ చెప్పారు, తడుముకోకుండా. ఏడో రోజు దగ్గర మాత్రం అంకెతో పాటు "ఆ పొద్దున్న చేప తేలింది" అన్నారు. ఆవిడ అదీ టైపు చేశారు.

"ఇంత ఎలా గుర్తుందండీ?" అన్నాను.

"రోజూ పొద్దున్నే ఈవిడ ఫోన్ చేసి అంకె చెప్పేది, చక్రాలు తిప్పమనేది. నేను మబ్బు చూసి, పర్లేదులే అనుకునేవాణ్ణి. విన్న మాటలు మర్చిపోతాం గానీ బాబూ, విననివి మర్చిపోం."

సీడీలు రాసే పనిలో పడ్డాను. రెండు చాలన్నాను, ఆవిడ మూడు రాయించి ఒకటి ఆయనకిచ్చారు. ఆయన ఇంట్లో కంప్యూటర్ లేదు. అయినా దాన్ని రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని, జనరేటరు దగ్గరికి వెళ్ళిపోయారు.

ఆరు ముప్పావుకి కైకలూరు బస్సు, అక్కడి నుంచి ఏలూరు బస్సు. ఈ దారిన వచ్చేవాళ్ళు వెళ్ళేటప్పుడు భీమవరం మీదుగా వెళ్ళండి, తిరుగు ప్రయాణం కొల్లేరు మీదుగా పెట్టుకోండి. రోడ్డు గతుకులే గానీ దూరం తక్కువ. పెదఎడ్లగాడి వంతెన దగ్గర చినుకులు మొదలయ్యాయి. అందరూ షట్టర్లు దించారు. మామూలుగా వాన పడితే బస్సు ఎంత ఆలస్యమవుతుందా అని చూసేవాణ్ణి. ఆ పూట అరవై చెరువుల్లో ఆక్సిజన్ ఎంతుందా అని ఆలోచిస్తూ కూర్చున్నాను. నాకు ఒక్క చేప కూడా లేదు.